సాఫ్ట్‌వేర్ తెరవకముందే తేలిపోయే లెక్క

"ఇప్పుడు ఏఐ ఉందిగా, ఇంకా కళ్ళు చిట్లించుకుని కణాలు లెక్కపెట్టడం ఎందుకు?" మెదడు సెక్షన్లతో (పలుచగా కోసిన ముక్కలతో) పనిచేసే ల్యాబుల్లో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఇది. రాత్రి సెల్‌పోజ్‌కో స్టార్‌డిస్ట్‌కో, అంటే బొమ్మల్లో కణాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు, బొమ్మల ఫోల్డరు అప్పగిస్తే తెల్లారేసరికి ఎక్సెల్ షీటు నిండా అంకెలు ఉంటాయి. చాలావరకు నిజమే. ఆ సాఫ్ట్‌వేర్లతో నాకు పేచీ లేదు, అవి లేని రోజులు మళ్ళీ రావాలనీ లేదు. నా వాదన ఒక్కటే: ఆ షీటులో కనబడే అంకె పుట్టేది కంప్యూటర్లో కాదు. బ్లేడు దగ్గర కొంత, బఫర్లో కొంత, కెమెరాలో కొంత ముందే తేలిపోయి వస్తుంది. అక్కడ జరిగిన తప్పును లెక్కపెట్టే యంత్రం దిద్దదు. ప్రతిసారీ ఒకేలా, తడబాటు లేకుండా, ఆ తప్పునే లెక్కపెట్టి ఇస్తుంది.

ఒక ప్రశ్న పట్టుకుని మాట్లాడితే తేలిక. ముసలి చిట్టెలుకల హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) సంఖ్య పెరుగుతుందా? 3 నెలల వయసువి ఒక గుంపు, 22 నెలలవి ఇంకో గుంపు. మైక్రోగ్లియాలో ఉండే ఐబా1 ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీతో మైక్రోగ్లియాకు, డాపి అనే రంగుతో కేంద్రకాలకు స్టెయిన్ చేస్తాం, అంటే రంగు పట్టిస్తాం. 20ఎక్స్ లెన్సు కింద బొమ్మలు తీస్తాం. ఎన్నో ల్యాబుల్లో రోజూ జరిగే పనే.

బ్లేడు దగ్గర

పెర్ఫ్యూజన్ (రక్తనాళాల్లోని రక్తాన్ని కడిగేసి, కణజాలం చెడకుండా నిలిపే ఫిక్సేటివ్ ద్రావణం పంపడం) గురించి పెద్దగా చెప్పను. కాలేయం పాలిపోకుండానే ఫిక్సేటివ్‌కు మారితే కేశనాళికల్లో ఎర్రకణాలు మిగిలిపోతాయి, ఫ్లోరసెన్స్‌లో అవి మెరుస్తాయి, డాబ్ అనే గోధుమరంగు స్టెయిన్‌లో అయితే వాటి సొంత పెరాక్సిడేజ్ ఎంజైమ్ వల్ల గోధుమరంగు చుక్కలవుతాయి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఒక రాత్రి ఉంచాల్సిన మెదడును వారాంతం కలిసొచ్చి మూడు రాత్రులు వదిలేస్తే కొన్ని యాంటీబాడీలు సగం మసకబారతాయి. ఆ మూడు రాత్రులు ఒక గుంపుకే జరిగితే ఆ తేడా ఫలితంగా కనబడుతుంది. ఫిక్స్ కాకముందే మెదడును వేళ్ళతో నొక్కినా, లాగినా కొన్ని న్యూరాన్లు ముడుచుకుపోయి నల్లగా కనబడతాయి. ఈ "డార్క్ న్యూరాన్లు" ఇలా చేత్తో నొక్కడం, లాగడం వల్ల పుట్టేవని కామర్‌మేయర్ 1960ల్లోనే చూపించాడు. అయినా వాటిని చచ్చిపోతున్న కణాలుగా చూపే బొమ్మలు ఆ తర్వాత కూడా అచ్చవుతూనే వచ్చాయి.

నేను ఎక్కువసేపు నిలబడదలుచుకున్నది మందం దగ్గర. 30 శాతం చక్కెర ద్రావణంలో మునిగిన మెదడును క్రయోస్టాట్‌లో (గడ్డకట్టించి కోసే యంత్రం) 40 మైక్రాన్ల ముక్కలుగా కోస్తాం. పారాఫిన్ మైనంలో పెట్టి కోస్తే 5 నుంచి 10 మైక్రాన్లు. కోసేటప్పుడు ఒక కేంద్రకం రెండు ముక్కలైతే రెండు సెక్షన్లలోనూ కనబడుతుంది, రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఎంత పెద్ద కేంద్రకమైతే బ్లేడుకు దొరికే అవకాశం అంత ఎక్కువ. దీనికి అబర్‌క్రాంబీ 1946లో ఒక సవరణ ఇచ్చాడు: కనబడ్డ లెక్కను సెక్షన్ మందంతో గుణించి, మందం, కేంద్రకం ఎత్తు కలిపిన మొత్తంతో భాగించాలి.

అంకెలు వేసి చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. 10 మైక్రాన్ల సెక్షన్, 8 మైక్రాన్ల కేంద్రకం అనుకుందాం. 18 కనబడితే అసలు ఉన్నవి 10. ఇప్పుడు వయసు వల్లో, వాపు వల్లో కేంద్రకం 10 మైక్రాన్లకు ఉబ్బిందనుకోండి. కణాల సంఖ్య రవ్వంత కూడా మారలేదు, కానీ 18 కనబడేచోట 20 కనబడతాయి. అంటే 11 శాతం పెరుగుదల, అది కూడా అన్ని జంతువుల్లో నిలకడగా. పి విలువ (తేడా యాదృచ్ఛికం కాదనడానికి చూపే అంకె) చక్కగా వస్తుంది. 40 మైక్రాన్ల సెక్షన్లో అయితే 48 కాస్తా 50 అవుతుంది, 4 శాతమే తేడా. మందం ఎంత అన్నది ఫలితాన్ని ఇంతగా మారుస్తున్నప్పుడు, కణాన్ని ఎంత అందంగా గీత గీసి వేరుచేసినా ఏం లాభం?

అబర్‌క్రాంబీ సవరణకు కేంద్రకం ఎత్తు తెలియాలి, అది ఊహించాల్సి వచ్చేది. ఆ ఊహే అక్కర్లేని పద్ధతి 1984లో వచ్చింది, డైసెక్టర్. దాన్ని రాసిన పేరు డి. సి. స్టెరియో. అలాంటి మనిషి లేడు, ఇంగ్లీషులో డైసెక్టర్ అన్న మాట అక్షరాలనే తారుమారు చేసి పెట్టుకున్న మారుపేరది. సూత్రం చాలా తేలిక: ఒక కణం కొత్తగా ఫోకస్‌లోకి వచ్చిన క్షణంలోనే దాన్ని లెక్కపెట్టు, అప్పుడు పెద్దదైనా చిన్నదైనా ఒక్కసారే లెక్కకు వస్తుంది. 1991లో వెస్ట్, స్లొమియాంకా, గుండర్‌సన్ దీన్ని ఎలుక హిప్పోకాంపస్ మీద ఆప్టికల్ ఫ్రాక్షనేటర్‌గా, అంటే తెలిసిన కొంత భాగంలో లెక్కపెట్టి మొత్తాన్ని అంచనా కట్టే పద్ధతిగా, చేసి చూపించారు. లోతు కొలిచే స్టేజి, పైనా కిందా లెక్కపెట్టకుండా వదిలేసే రెండు మూడు మైక్రాన్ల గార్డ్ జోన్, సరైన సాంప్లింగ్ ఉంటే చాలు. నలభై ఏళ్ళ పద్ధతి, పాతబడలేదు. నిదానంగా సాగే పని కాబట్టే పక్కకు జరిగింది.

సాంప్లింగ్ అన్నాను కాబట్టి దాని సంగతి కూడా. చిట్టెలుక హిప్పోకాంపస్ ముందునుంచి వెనక్కి సుమారు 3 మిల్లీమీటర్లు. 40 మైక్రాన్ల చొప్పున 75 సెక్షన్ల దాకా వస్తాయి. ప్రతి ఆరోదీ తీసుకుంటే 240 మైక్రాన్లకొకటి, పన్నెండు సెక్షన్లు. మొదటిది ఒకటా, మూడా, ఆరా అన్నది పాచిక వేసి తేల్చాలి. "బాగా వచ్చిన సెక్షన్" ఏరుకోవడం మొదలైతే అక్కడితో సాంప్లింగ్ పోయింది. హిప్పోకాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగం ఆకారం 200 మైక్రాన్లకే మారిపోతుంది. ఒక గుంపులో సెక్షన్లు కాస్త ముందువీ, ఇంకో గుంపులో కాస్త వెనకవీ పడితే, పోలుస్తున్నది వయసును కాదు, చోటును.

యాంటీబాడీ ఎంత లోతుకు దిగింది

డాపి చిన్న అణువు, 40 మైక్రాన్ల సెక్షన్లో పైనుంచి కిందిదాకా పది నిమిషాల్లో దిగిపోతుంది. యాంటీబాడీ బరువు దానికి కొన్ని వందల రెట్లు, సుమారు 150 కిలోడాల్టన్లు. 0.3 శాతం ట్రైటాన్ (కణపొరలకు రంధ్రాలు చేసే డిటర్జెంట్) వేసి, 4 డిగ్రీల్లో రాత్రంతా ఊపినా చాలా యాంటీబాడీలు రెండు ముఖాల నుంచి కొద్ది మైక్రాన్లు దిగి ఆగిపోతాయి. నడిమధ్య కణాలకు కేంద్రకం నీలంగా కనబడుతుంది, ఐబా1 కనబడదు. వైడ్‌ఫీల్డ్ మైక్రోస్కోప్ ఈ లోతులన్నీ కలిపి ఒకే బొమ్మగా చూపిస్తుంది. "మొత్తం కేంద్రకాల్లో ఇన్ని శాతం పాజిటివ్" అన్న లెక్క అక్కడే చెడిపోతుంది. పరీక్ష చాలా చవక: కాన్ఫోకల్ (ఒక్కో లోతును విడిగా చూపే మైక్రోస్కోప్) మీద ఒక మైక్రాన్ అడుగుతో పైనుంచి కిందికి జడ్-స్టాక్, అంటే లోతుకొక బొమ్మ, తీసి, ఒక్కో లోతులో వెలుగు గ్రాఫ్ గీయాలి. మధ్యలో గొయ్యి పడితే యాంటీబాడీ దిగలేదన్నమాట. అరగంట పని. కొత్త యాంటీబాడీ డబ్బా తెరిచిన ప్రతిసారీ చేయాల్సినది, చాలాచోట్ల ఒక్కసారి కూడా చేయరు.

ఇంకో సందు, 24 గుంటల ప్లేటు. 500 మైక్రోలీటర్ల ద్రావణంలో ఆరు సెక్షన్లు హాయిగా తేలతాయి. యాంటీబాడీ సీసా ఖరీదు గుర్తొచ్చి అందులోనే పన్నెండు వేస్తే ఒకదానిమీద ఒకటి అంటుకుంటాయి. అంటుకున్న చోట నిజంగా కణాలు తగ్గినట్టే ఉంటుంది, అంచు మాత్రం కత్తితో గీసినంత సూటిగా ఉంటుంది. కంటికి ఆ సూటి అంచు అనుమానం కలిగిస్తుంది, సాఫ్ట్‌వేర్‌కు కలిగించదు.

అన్నిటికంటే నష్టం చేసేది బ్యాచ్, అంటే ఒకేసారి కలిపి స్టెయిన్ చేసిన విడత. కుర్ర చిట్టెలుకల మెదళ్ళు మార్చిలో స్టెయిన్ చేసి, ముసలివాటిని అవి ముసలివయ్యాక అక్టోబరులో చేయడం చాలా సహజంగా జరిగిపోయే పొరపాటు. మధ్యలో యాంటీబాడీ లాట్ (కంపెనీ తయారీ విడత) మారుతుంది, బఫర్ కలిపే చేయి మారుతుంది. ఆ తేడా వయసుతో పూర్తిగా పెనవేసుకుపోతుంది, ఏ గణాంక పద్ధతీ దాన్ని విడదీయలేదు. ముందు వచ్చిన సెక్షన్లను యాంటీఫ్రీజ్ ద్రావణంలో మైనస్ 20లో దాచి, ప్రతి బ్యాచ్‌లో రెండు గుంపుల నుంచీ సమానంగా వేయాలి. పాత బ్యాచ్‌లో వాడిన మెదడు నుంచే ఒక సెక్షన్ కొత్త బ్యాచ్‌లో కూడా వేస్తే రెండు రోజుల మధ్య స్టెయిన్ ఎంత మారిందో కొలవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

కెమెరా చూసేది ఐబా1నేనా

ముసలి మెదడులో లైపోఫస్సిన్ అనే వ్యర్థ పదార్థం కణాల్లో పేరుకుంటుంది. న్యూరాన్లలోనూ, మైక్రోగ్లియాలోనూ. స్టెయిన్ లేకుండానే పచ్చ ఛానెల్లోనూ ఎర్ర ఛానెల్లోనూ మెరుస్తుంది. అంటే మన ప్రశ్నలోని ఒక గుంపుకు ఊరికే అదనపు వెలుగు ఉంది, రెండో గుంపుకు లేదు. ప్రైమరీ యాంటీబాడీ (ఐబా1ను నేరుగా పట్టుకునేది) వేయని సెక్షన్ ఒకటి పక్కన ఉంటే ఇది బయటపడుతుంది, కానీ అది ముసలి చిట్టెలుక సెక్షనే అయి ఉండాలి. ఎన్నో ప్రయోగాల్లో నెగెటివ్ కంట్రోల్‌కి చేతికందిన కుర్ర మెదడు వాడేస్తారు, నల్లటి బొమ్మ చూసి తృప్తిపడతారు.

మందు లేకపోలేదు. 70 శాతం ఆల్కహాల్లో 0.1 శాతం సుడాన్ బ్లాక్ బి, ఆ మెరుపును అణచే రంగు, ఐదు నుంచి పది నిమిషాలు, సెకండరీ (ప్రైమరీని పట్టుకుని వెలిగే యాంటీబాడీ) అయ్యాక. ఆ తర్వాత డిటర్జెంట్ తగలకూడదు, తగిలితే కడుక్కుపోతుంది. దూర ఎరుపు వైపు తన వంతు బ్యాక్‌గ్రౌండ్ తానూ కలుపుతుంది కాబట్టి, ఫ్లోరోఫోర్ (యాంటీబాడీకి తగిలించిన వెలిగే రంగు) ఎంపిక దీంతో కలిపి ఆలోచించాలి. దేన్ని వాడినా రెండు గుంపులకూ వాడాలి.

ఇక ఎక్స్‌పోజర్. 12 బిట్ కెమెరాలో వెలుగు 0 నుంచి 4095 దాకా. 4095 తాకిన పిక్సెల్ నిజంగా ఎంత వెలుగుందో మరి చెప్పదు. అందుకే అన్ని స్లైడులూ ఒకసారి తిరగేసి, అన్నిటికంటే వెలుగైన దానిమీద ఎక్స్‌పోజర్ పెట్టి, పై గీతకు కాస్త కిందే ఆపి, దాన్ని ఇక ముట్టుకోకూడదు. ఆటో ఎక్స్‌పోజర్ పెడితే మసక స్లైడును పెంచుతుంది, వెలుగు స్లైడును తగ్గిస్తుంది, అంటే మనం కొలవబోయే తేడానే చెరిపేస్తుంది. టైల్స్ అతికించిన బొమ్మలో గళ్ళు గళ్ళుగా నీడ కనబడితే ఫ్లాట్-ఫీల్డ్ సవరణ (బొమ్మంతా వెలుగు సమానం చేయడం) చేయలేదని అర్థం. మూలల్లో వెలుగు తగ్గితే మూలల్లోని కణాలు లెక్కలోంచి జారిపోతాయి. జేపెగ్‌గా దాచిన బొమ్మ మీద వెలుగు కొలవడం గురించి వాదించడానికేమీ లేదు, అది చేయకూడదు.

థ్రెషోల్డ్ అనే తగువు

ఇక్కడ నాకు నిజంగానే తేలని సందేహం ఉంది. థ్రెషోల్డ్ అంటే ఎంత వెలుగు దాటితే కణంగా లెక్కించాలో చెప్పే గీత. దాన్ని తనంతట తానే తేల్చే ఒట్సు పద్ధతి 1979 నాటిది, బొమ్మలు విశ్లేషించే ఫిజీ సాఫ్ట్‌వేర్లో ఒక్క క్లిక్కు. ప్రతి బొమ్మకూ దాని హిస్టోగ్రాం (ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే గ్రాఫ్) చూసి దానికే ఒక గీత గీస్తుంది. బొమ్మలో వెలుగు, చీకటి రెండూ తగినంత ఉంటే బాగా పనిచేస్తుంది. మైక్రోగ్లియా బొమ్మలో వెలుగు భాగం కొద్ది శాతమే. కణాలు దాదాపు లేని బొమ్మ ఇస్తే బ్యాక్‌గ్రౌండ్‌నే రెండుగా చీల్చి, సగం బొమ్మ పాజిటివ్ అంటుంది. సరే, అన్నిటికీ ఒకే గీత పెడదామా? అప్పుడు స్టెయిన్ కాస్త ముదిరిన బ్యాచ్ అంతా "పెరిగినట్టు" వస్తుంది. ఒక దారిలో నిజమైన తేడా పోతుంది, రెండోదానిలో లేని తేడా వస్తుంది. బ్యాచ్‌లు సమానంగా కలిపి ఉంటే ఒకే గీత మేలని నా మొగ్గు. ఆ గీత ఎక్కడన్నది గుంపుల పేర్లు తెలియకముందే, కొన్ని బొమ్మల మీద తేల్చి రాసిపెట్టుకోవాలి. దాన్ని కాస్త అటూ ఇటూ, పదేసి శాతం జరిపి చూడాలి. జరిపినప్పుడు ఫలితం తలకిందులైతే అది ఫలితం కాదు.

బ్యాక్‌గ్రౌండ్ తీసేసే రోలింగ్ బాల్ గురించి ఒక్క మాట. ఇమేజ్‌జేలో (ఫిజీకి మూలమైన సాఫ్ట్‌వేర్) దాని డీఫాల్ట్ వ్యాసార్థం 50 పిక్సెళ్ళు. 6.5 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాతో 20ఎక్స్‌లో ఒక పిక్సెల్ 0.325 మైక్రాన్లు, అంటే 50 పిక్సెళ్ళు 16 మైక్రాన్లు. మైక్రోగ్లియా కొమ్మలతో సహా 50 మైక్రాన్ల దాకా పరుచుకుంటుంది. ఆ డీఫాల్ట్ నొక్కితే బ్యాక్‌గ్రౌండ్‌తో పాటు కణాన్ని కూడా కొంత తీసేస్తున్నాం. దట్టంగా ఉబ్బిన కణం ఎక్కువ నష్టపోతుంది, సన్నటి కొమ్మల కణం తక్కువ. మళ్ళీ గుంపుకో రకం తప్పు.

"ఐబా1 విస్తీర్ణం ఇన్ని శాతం" అన్న కొలతను కూడా నేను అంతగా నమ్మను. కణాలు పెరిగినా అది పెరుగుతుంది, ఉన్న కణాలు ఉబ్బినా పెరుగుతుంది, ఒక్కో కణంలో ఐబా1 ఎక్కువైనా, స్టెయిన్ ముదిరినా, థ్రెషోల్డ్ జారినా పెరుగుతుంది. దాన్ని చూసి "మైక్రోగ్లియా పెరిగాయి" అని రాయడం ఐదు కారణాల్లో నచ్చినదాన్ని ఏరుకోవడమే. డాబ్ స్టెయిన్‌లో రంగు ముదురుదనాన్ని ప్రోటీన్ పరిమాణంగా చదవడం ఇంకా తప్పు. డాబ్ అవక్షేపం కాంతిని పీల్చుకోవడంతో పాటు చెదరగొడుతుంది కూడా, దాని ముదురుదనం యాంటిజెన్‌తో సూటిగా పెరగదు. రూయిఫ్రోక్, జాన్‌స్టన్ 2001లో ఇచ్చిన కలర్ డీకన్వల్యూషన్ రంగులను విడదీస్తుంది, ఈ పరిమితిని మాత్రం దాటించదు.

ఎదుటివాళ్ళ మాటలో బలం

చేత్తో లెక్కపెట్టడం పవిత్రమైనదేమీ కాదు. ఒకే బొమ్మను ఇద్దరు లెక్కపెడితే రెండు అంకెలు వస్తాయి, ఒకరే ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పవచ్చు. ఏ గుంపో తెలిసిన కన్ను తనకు తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుంది. యంత్రానికి అలసట లేదు, ఆశ లేదు. పైగా కొన్ని పనులు చేత్తో ఊహించలేం. ఐఐటీ మద్రాసులో గర్భస్థ శిశువుల మెదడు మీద చేసి 2024లో విడుదల చేసిన ధరణి అట్లాస్‌లో 5,132 సెక్షన్లున్నాయి. అంత పరిమాణంలో ఆటోమేషన్ వద్దనే హక్కు ఎవరికీ లేదు.

దీన్ని ఒప్పుకుంటూనే రెండు విషయాలు అంటాను. మొదటిది, బొమ్మలో లేనిది యంత్రం తేలేదు. డెంటేట్ గైరస్ గ్రాన్యూల్ పొరలో కేంద్రకాలు ఒకదానిమీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి. 40 మైక్రాన్ల సెక్షన్‌ను వైడ్‌ఫీల్డ్‌లో తీస్తే నాలుగైదు వరుసలు ఒకే మరకగా పడతాయి. సెల్‌పోజ్ అక్కడ కూడా చక్కటి గీతలు గీస్తుంది. ఆ గీతలు ఏ ఒక్క కేంద్రకానివీ కావు.

రెండోది, సరిచూసే తీరు. సాధారణంగా కొన్ని బొమ్మలు చేత్తో గుర్తించి, యంత్రం ఫలితంతో పోల్చి, మొత్తం మీద ఖచ్చితత్వం ఇంత అని ఒక అంకె ఇస్తారు. ఆ ఒక్క అంకె చాలదు. కుర్ర గుంపులో నూరు కణాలకు యంత్రం 98 చెప్పింది, ముసలి గుంపులో లైపోఫస్సిన్ మచ్చలు కలుపుకుని నూరుకు 112 చెప్పింది అనుకుందాం. సగటున తప్పు చిన్నదే. కానీ ఏమీ లేనిచోట 14 శాతం పెరుగుదల పుట్టింది. అందుకే గుంపుకు పదిహేను ఇరవై బొమ్మలు, ఇద్దరు మనుషులు విడివిడిగా, పేర్లు దాచి గుర్తించి, ప్రతి గుంపులో తప్పు ఎంత అని వేరువేరుగా చూపాలి. పేర్లు దాచడం కూడా ఇక్కడ పూర్తిగా సాధ్యం కాదని ఒప్పుకోవాలి, లైపోఫస్సిన్ చూసి ముసలి మెదడును ఎవరైనా పోల్చుకుంటారు. ఐబా1 ఛానెల్‌ను మాత్రమే చూపడం, బొమ్మలను చిన్న గళ్ళుగా కోసి కలిపేయడం కొంత మేలు చేస్తాయి.

ఎన్, అంటే స్వతంత్ర నమూనాల సంఖ్య, ఎంత అన్నది ఇంకా చర్చించాల్సి రావడం బాధగానే ఉంటుంది. నాలుగు చిట్టెలుకలు, పది సెక్షన్లు, సెక్షన్‌కు మూడు ఫీల్డులు. ఇది 120 కాదు, 4. హర్ల్‌బర్ట్ 1984లో జీవావరణ శాస్త్రానికి చెప్పిన ఈ మాటను లాజిక్ అనే పరిశోధకుడు 2010లో న్యూరోసైన్స్‌కు విడమరిచి చెప్పాడు. ఆటోమేషన్ వచ్చాక ఎన్‌ను పెంచి చూపాలనే ఆశ పెరిగింది తప్ప తగ్గలేదు, ఎందుకంటే ఇప్పుడు కణమొక్కటే ఒక వరుసగా షీటులో లక్ష వరుసలొస్తాయి.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ఖర్చులేని ఏర్పాటు ఒకటుంది. ప్రతి ఆరో సెక్షన్ చొప్పున తీస్తే ఒక మెదడు ఆరు ట్యూబులుగా వస్తుంది, వాడేది ఒక్కటే. మిగతా ఐదింటినీ ఇథిలీన్ గ్లైకాల్, గ్లిసరాల్ కలిపిన ఫాస్ఫేట్ బఫర్లో మైనస్ 20లో పెడితే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ట్యూబు మీద జంతువు కోడ్, వరుస నంబరు, కోసిన తేదీ, ఫిక్సేటివ్‌లో ఉన్న గంటలు ఆల్కహాల్‌కి చెరగని పెన్నుతో రాయాలి. రెండేళ్ళ తర్వాత రివ్యూయర్ "ఇది లైపోఫస్సిన్ కాదని ఎలా తెలుసు?" అని అడిగితే, ఇంకో జంతువును చంపనక్కర్లేకుండా రెండో ట్యూబు తీసి, అదే మెదడు నుంచి స్టెయిన్ వేయని సెక్షన్‌ను అదే ఎక్స్‌పోజర్‌లో చూపించవచ్చు.